జీతం క్లబ్బుది, జెర్సీ దేశానిది: ఇంగ్లండ్ రగ్బీ ఒప్పందం ఎంతవరకు పనిచేస్తోంది?

క్రికెట్‌లో ఈ తగవు ఒకే గదిలో తేలిపోతుంది. ఐపీఎల్ బీసీసీఐదే, భారత జట్టూ బీసీసీఐదే. ఏటా రెండు నెలలు లీగుకు వదిలేసి, మిగతా కాలాన్ని దేశానికి పెట్టుకుంటారు. పదిహేను మంది ఆడే రగ్బీకి ఆ వెసులుబాటు లేదు. యూరప్‌లో క్లబ్ సీజన్ సెప్టెంబర్ ప్రాంతంలో మొదలై జూన్ దాకా సాగుతుంది. దేశం తరఫు మ్యాచ్‌లు దాని మధ్యలోనే వచ్చి పడతాయి. నవంబర్‌లో దక్షిణార్ధగోళ జట్లతో టెస్టులు (రగ్బీలో దేశాల మధ్య మ్యాచ్‌ను అలాగే అంటారు), ఫిబ్రవరి-మార్చిలో ఆరు యూరప్ దేశాల సిక్స్ నేషన్స్ టోర్నీ, సీజన్ ముగిసీ ముగియకముందే జులై పర్యటన. ఆటగాడికి నెల జీతం ఇచ్చేది క్లబ్బు. దేశం జెర్సీ ఇచ్చేది యూనియన్, అంటే ఆ దేశపు రగ్బీ సంఘం. మోకాలు మాత్రం ఒక్కటే.

ఈ ఇద్దరినీ ఒక దారికి తేవడానికి ఇంగ్లండ్ రగ్బీ యూనియన్, అక్కడి అగ్ర లీగు ప్రీమియర్‌షిప్ క్లబ్బులు, ఆటగాళ్ల సంఘం కలిసి 2024 సెప్టెంబర్‌లో ఎనిమిదేళ్ల ఒప్పందం ప్రకటించాయి. దాని పేరు ప్రొఫెషనల్ గేమ్ పార్ట్‌నర్‌షిప్. ఆటగాడు, క్లబ్బు, జాతీయ కోచ్, టికెట్ కొన్న ప్రేక్షకుడు, ఈ నలుగురికీ అది ఏం అందిస్తోందన్నదే ఈ సమీక్ష. పోలిక కోసం ఐర్లాండ్, ఫ్రాన్స్ ఏర్పాట్లనూ చూద్దాం.

ముందు పునాది. ఆట అంతర్జాతీయ పాలక సంస్థ వరల్డ్ రగ్బీ నిబంధనల్లో తొమ్మిదోది ఆటగాళ్ల విడుదల గురించి చెబుతుంది. నిర్ణీత విండోల్లో, అంటే దేశం మ్యాచ్‌లకు ముందే కేటాయించిన వారాల్లో, దేశం పిలిస్తే క్లబ్బు పంపాల్సిందే. పంపినందుకు డబ్బు అడగకూడదు, పోవద్దని ఒత్తిడి చేయకూడదు, జాతీయ జట్టుకు ఆడనని కాంట్రాక్టులో రాయించుకోకూడదు. కాగితం మీద గట్టి నిబంధనే. అయితే అది చెప్పేది ఎప్పుడు వదలాలో మాత్రమే. తిరిగొచ్చాక ఎన్నాళ్లు విశ్రాంతి, గాయమైతే ఎవరి డాక్టర్ మాట చెల్లుతుంది, సీజన్‌కు మొత్తం ఎన్ని మ్యాచ్‌లు అన్నవి ఆయా దేశాల ఒప్పందాలకు వదిలేసింది. అసలు బాధ పుట్టేది అక్కడే.

లెక్క వేస్తే తీవ్రత తెలుస్తుంది. పది క్లబ్బుల ప్రీమియర్‌షిప్‌లో, ఇప్పుడు ప్రెమ్ అంటున్నారు, లీగ్ మ్యాచ్‌లు 18. సెమీస్, ఫైనల్‌తో 20. యూరప్ అగ్ర క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ కప్‌లో గ్రూపు మ్యాచ్‌లు నాలుగు, నాకౌట్లు నాలుగు, వెరసి 8. సిక్స్ నేషన్స్‌లో 5, నవంబర్‌లో 4, జులైలో 3. అన్నిటా చివరిదాకా వెళ్లే ఇంగ్లండ్ ఆటగాడికి ఏడాదికి 40 మ్యాచ్‌లు. ఫ్రాన్స్‌లో లీగ్ దశే 26 మ్యాచ్‌లు కాబట్టి, బరాజ్ (సెమీస్‌కు ముందు నాకౌట్), సెమీస్, ఫైనల్ కలుపుకుంటే ఇదే లెక్క 49కి చేరుతుంది. నిజంగా ఎవరూ అన్ని ఆడరు. అయినా ప్రతి కోచ్ తన కీలక ఆటగాణ్ని తన మ్యాచ్‌లన్నిటికీ కావాలనే అనుకుంటాడు. ఆ రెండు కోరికలనూ కలిపితే వచ్చే అంకె ఇది.

ఇంగ్లండ్ ఒప్పందం ఈ 40ని 30 దగ్గర కట్టేస్తుంది. ఒక మ్యాచ్‌లో 20 నిమిషాలు దాటి ఆడితే అది లెక్కలోకి వస్తుంది. సీజన్ ముగిశాక అయిదు వారాల విశ్రాంతి తప్పనిసరి. యూనియన్ క్లబ్బులకు ఏటా 3 కోట్ల 30 లక్షల పౌండ్లు ఇస్తుంది. జాతీయ కోచ్ గరిష్ఠంగా 25 మందికి ప్రత్యేక కాంట్రాక్టు ఇవ్వవచ్చు. 2024 అక్టోబర్‌లో తొలి విడతలో 17 మందికి ఇచ్చారు. మారో ఇటోజే, జేమీ జార్జ్ అందులో ఉన్నారు. ఒక్కొక్కరికీ ఏడాదికి దాదాపు 1,60,000 పౌండ్లని అప్పట్లో పత్రికలు రాశాయి. వెనుకటి పద్ధతిలో ఆటగాడికి మ్యాచ్ ఫీజే ముఖ్యం. ఆడితే 20 వేల పౌండ్లకు పైగా, గాయపడి కూర్చుంటే సున్నా. దెబ్బ దాచుకుని ఆడేందుకు అంతకన్నా పెద్ద ప్రేరణ ఉండదు. ఈ ఒక్క మార్పుకే ఒప్పందానికి మంచి మార్కులు వేయాలి.

డబ్బు కన్నా విలువైన నిబంధన మరొకటుంది. ఈ ప్రత్యేక కాంట్రాక్టు ఉన్నవాళ్ల విషయంలో వైద్యం, శారీరక సామర్థ్యం మీద చివరి మాట జాతీయ కోచ్ స్టీవ్ బోర్త్‌విక్‌ది. దీనికి పరీక్ష త్వరగానే వచ్చింది. ఎక్సెటర్ క్లబ్బు వింగర్ (మైదానం అంచున పరుగెత్తే ఆటగాడు) ఇమాన్యుయెల్ ఫెయి-వబోసోకు 2024 డిసెంబర్‌లో క్లబ్ మ్యాచ్‌లోనే భుజం జారింది. ఆపరేషన్ చేయించాలా, వ్యాయామాలతో నయం చేసి సిక్స్ నేషన్స్‌కు సిద్ధం చేయాలా అన్న ప్రశ్న వచ్చింది. ఆపరేషన్ అంటే నెలల తరబడి ఇద్దరికీ నష్టం. వ్యాయామాలతో సరిపెడితే దేశానికి ముందు దొరుకుతాడు కానీ భుజం మళ్లీ జారే ప్రమాదం క్లబ్బు మీద పడుతుంది. చివరికి ఆపరేషనే జరిగింది. ఈ ఉదంతంలో తగవు ముదరలేదు. అయితే నిబంధనలోని లోపం బయటపడింది. చివరి మాట ఎవరిదో రాసుకున్నారు, ఆ మాట తప్పైతే నష్టం ఎవరు భరించాలో అంత స్పష్టంగా లేదు. సంవత్సరానికి 64 లక్షల పౌండ్ల జీతాల పరిమితిలో జట్టు కట్టుకునే క్లబ్బుకు పెద్ద ఆటగాడు ఆరు నెలలు దూరమైతే, అదే స్థాయి మనిషిని తెచ్చుకోవడానికి చోటు అంత సులువుగా మిగలదు.

క్యాలెండర్ విషయంలో ఇంగ్లండ్ చేసింది నిజంగా మంచి పని. సిక్స్ నేషన్స్, నవంబర్ టెస్టులు జరిగే వారాల్లో లీగును ఆపేస్తారు. ఆ ఖాళీలో ప్రీమియర్‌షిప్ కప్ ఆడతారు, కుర్రాళ్లకు అవకాశం దొరుకుతుంది. లీగ్ పట్టికలో పాయింట్లు పోగొట్టుకోకుండా క్లబ్బు తన ఆటగాళ్లను పంపగలదు. కాకపోతే ఇది సగం దూరదృష్టి, సగం దెబ్బ తిని నేర్చుకున్నది. 2022లో వూస్టర్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్ కూలిపోయాక జట్లు 13 నుంచి 10కి తగ్గాయి. మ్యాచ్‌లు తగ్గడంతో ఈ ఖాళీ సాధ్యమైంది.

ఇక ఎక్కడ తప్పుతోంది?

మొదటిది 20 నిమిషాల గీత. రెండు జట్లూ బంతి కోసం ఎదురెదురుగా నెట్టుకునే స్క్రమ్‌లో ముందు వరుసలో (ఫ్రంట్ రో) ఉండేవాడు ప్రాప్, పక్కన ఉండేవాడు ఫ్లాంకర్. బెంచి నుంచి వచ్చి 22 నిమిషాలు ఆడిన ప్రాప్‌కూ, 80 నిమిషాలు ఆడిన ఫ్లాంకర్‌కూ ఒకే అంకె పడుతుంది. 19 నిమిషాల్లో ఎనిమిది స్క్రమ్‌లు నెట్టిన ప్రాప్‌కు సున్నా. వింగర్ శరీరం మీద పడే భారం వేరు, ఫ్రంట్ రోలో మెడ మీద, నడుము మీద పడే భారం వేరు. స్థానాన్ని బట్టి పరిమితి పెట్టి ఉంటే ఈ 30కి అర్థం పెరిగేది. లెక్క వేయడానికి సులువని ఒకటే అంకె పెట్టారనిపిస్తుంది.

రెండోది సాధన. మ్యాచ్‌లు లెక్కపెడుతున్నారు సరే, వారం మధ్య జరిగేది ఎవరు లెక్కపెడుతున్నారు? వరల్డ్ రగ్బీ, అంతర్జాతీయ ఆటగాళ్ల సంఘం 2021లో ఒక సూచన ఇచ్చాయి. వారానికి పూర్తి స్థాయి కాంటాక్ట్ (ఒకరినొకరు ఢీకొనే సాధన) 15 నిమిషాలు మించకూడదు, అదీ రెండు రోజులకు మించి కాదు. అదుపులో జరిగే కాంటాక్ట్ 40 నిమిషాలు, స్క్రమ్, లైనౌట్ (పక్క గీత నుంచి బంతి విసిరి ఆట మొదలుపెట్టడం) సాధన 30 నిమిషాలు. ఒకే కోచ్ ఉన్న వారంలో పాటించడం కష్టం కాదు. జాతీయ శిబిరంలో 36 మంది ఉంటారు, శనివారం ఆడేది 23 మంది. మిగతావాళ్లలో చాలామందిని వారం మధ్యలో క్లబ్బుకు పంపేస్తారు. మంగళవారం శిబిరంలో 15 నిమిషాలు కొట్టుకున్నవాడు గురువారం క్లబ్బులో మళ్లీ మొదటి నిమిషం నుంచి మొదలుపెడతాడు. ఇద్దరు కోచ్‌లూ విడివిడిగా నియమం పాటించినట్టే. ఆటగాడి ఒంటి మీద మాత్రం 30 నిమిషాలు పడతాయి. ఆటగాడి శ్రమను నమోదు చేసే జీపీఎస్ చొక్కాలో ఉన్న సమాచారం అదే సాయంత్రం క్లబ్ ఫిజియోకు చేరితేనే దీనికి మందు. అది చేరడం నియమం మీద కన్నా ఇద్దరు ఫిజియోల మధ్య సఖ్యత మీద ఆధారపడకూడదు.

మూడోది తలకు తగిలే దెబ్బ. దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. హెచ్‌ఐఏ (తల గాయాన్ని అంచనా వేసే) పరీక్ష మూడు దశల్లో ఉంటుంది. మ్యాచ్ మధ్యలో మొదటిది, ముగిసిన మూడు గంటల్లోపు రెండోది, 36 నుంచి 48 గంటల మధ్య మూడోది. శనివారం సాయంత్రం దెబ్బ తగిలితే మూడో పరీక్ష సోమవారానికి పడుతుంది. సిక్స్ నేషన్స్ ఖాళీ వారమైతే ఆ సమయానికి ఆటగాడు యూనియన్ డాక్టర్ చేతుల్లోంచి క్లబ్ డాక్టర్ చేతుల్లోకి మారుతూ ఉంటాడు. 2022 జులై నుంచి, స్పష్టమైన లక్షణాలతో బయటికి వచ్చినవాడు గానీ, గతంలో కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) చరిత్ర ఉన్నవాడు గానీ కనీసం 12 రోజులు ఆడకూడదు. దేశం తరఫున తగిలిన దెబ్బకు క్లబ్బు ఒక మ్యాచ్ పోగొట్టుకుంటుంది, క్లబ్బులో తగిలితే దేశం పోగొట్టుకుంటుంది. ఆ పన్నెండు రోజుల విషయంలో ఎవరూ బేరం ఆడే వీలు లేకపోవడం మొత్తం వ్యవస్థలోనే గట్టి భాగం. మిగతా నియమాలూ ఇంత కచ్చితంగా ఉండాల్సింది.

నాలుగోది తిరిగొచ్చే వారం. ప్రేక్షకులకు ఇది కనబడదు. నెలన్నర పాటు హుకర్ దేశం లైనౌట్ సంకేతాలతో బంతి విసురుతాడు. ఆదివారం రాత్రి క్లబ్బుకు వస్తాడు. శుక్రవారం మ్యాచ్. క్లబ్బు సంకేతాలు వేరు, ఎత్తేవాళ్లు వేరు, దూకే మనిషి ఎత్తు వేరు. అరక్షణం తేడాతో బంతి అవతలివాళ్ల చేతికి పోతుంది. రక్షణ గీత కూడా అంతే. ఒకచోట దూకుడుగా ముందుకొచ్చి అడ్డుకోవడం అలవాటైనవాడు, ఆగి పక్కకు జరిగే పద్ధతిలోకి నాలుగు రోజుల్లో మారలేక ఒంటరిగా ముందుకు పోతాడు, వెనక ఖాళీ ఏర్పడుతుంది. మార్చి చివరి వారాల్లో పెద్ద పేర్లున్న జట్లు తడబడితే అలసట ఒక్కటే కారణం అనుకోకూడదు. తిరిగొచ్చినవాణ్ని మొదటి వారం బెంచి మీద ఉంచి, రెండో వారం నుంచి మొదలుపెట్టించే క్లబ్బులు ఈ గండం సులువుగా దాటతాయి.

ఐర్లాండ్ ఈ చిక్కుల్లో చాలావాటిని పుట్టనివ్వలేదు. లీన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కనాక్ట్, నాలుగు ప్రావిన్సులూ (అక్కడ క్లబ్బుల స్థానం వీటిదే) ఐర్లాండ్ యూనియన్ ఐఆర్‌ఎఫ్‌యూ గొడుగు కిందే ఉన్నాయి. అగ్రశ్రేణి ఆటగాళ్లకు కాంట్రాక్టు నేరుగా యూనియన్ నుంచే వస్తుంది. ఈ మధ్య ఆ ఖర్చులో కొంత ప్రావిన్సుల మీదా వేశారు. జీతం, విశ్రాంతి ఒకే చోట తేలతాయి కాబట్టి తగవుకు తావు తక్కువ. జానీ సెక్స్‌టన్ 2013లో పారిస్‌కు, రాసింగ్ క్లబ్బుకు వెళ్లి 2015లో తిరిగొచ్చాడు. ఆ తర్వాత యూనియన్ లెక్కపెట్టి ఆడించింది. 2023 వరల్డ్ కప్‌లో 38 ఏళ్ల వయసులో ఫ్లై-హాఫ్‌గా ఆడుతూ కెప్టెన్‌గా ఉన్నాడు. ఫ్లై-హాఫ్ అంటే అవతలి జట్టు ఫ్లాంకర్లు ప్రతి నిమిషం వెతికి కొట్టే స్థానం. ఈ వయసు దాకా అక్కడ నిలబడటంలో అతని మొండితనం ఎంతో, జాగ్రత్తగా ఇచ్చిన విరామాలూ అంత.

అయితే ఐర్లాండ్ పద్ధతికి మూల్యం ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. ఒకటి, బయటికి వెళ్లినవాడికి తలుపు దాదాపు మూసుకుపోతుంది. సైమన్ జీబో 2018లో ఫ్రాన్స్‌కు వెళ్తున్నాడనగానే జట్టుకు దూరమయ్యాడు. రెండు, విశ్రాంతి భారం ఎక్కువగా లీగు మీద పడుతుంది. ఐర్లాండ్, దక్షిణాఫ్రికా తదితర దేశాల జట్లు ఆడే లీగు యూఆర్‌సీలో దక్షిణాఫ్రికా యాత్రలకు లీన్‌స్టర్ చాలాసార్లు రెండో శ్రేణి జట్టును పంపింది. 2024 ఏప్రిల్‌లోనూ అంతే, రెండు మ్యాచ్‌లూ ఓడిపోయింది. ప్రావిన్సుకు అది తట్టుకోగల నష్టం. జొహానెస్‌బర్గ్‌లో టికెట్ కొన్నవాడికి మాత్రం ఆ జట్టులో తెలిసిన పేరు ఒకటో రెండో దొరుకుతాయి.

ఫ్రాన్స్‌ది పూర్తిగా వేరే దారి. అక్కడ క్లబ్బే రాజు. అక్కడి అగ్ర లీగు టాప్ 14లో 1 కోటి 7 లక్షల యూరోల జీతాల పరిమితి, నిండే స్టేడియాలు, పెద్ద టీవీ ఒప్పందం. సిక్స్ నేషన్స్ జరుగుతున్నా లీగు పూర్తిగా ఆగదు. జాతీయ ఆటగాళ్లున్న క్లబ్బుకు పరిమితిలో కొంత సడలింపు, విడుదలకు పరిహారం ఇస్తారు. కోచ్ ఫాబియాన్ గాల్తియే 42 మందిని పిలిచి సాధన చేయించి, వారం మధ్యలో 28 మందిని ఉంచుకుని మిగతావాళ్లను క్లబ్బులకు పంపే పద్ధతి ఈ బేరంలోంచి పుట్టిందే. ఇది ఆడేవాళ్లకు మేలే చేసింది. పదిహేను మంది మీద పదిహేను మంది అసలైన సాధన కుదిరింది. ఫ్రాన్స్ స్టార్ ఆంత్వాన్ ద్యుపాన్‌ను 2024 ఒలింపిక్ సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) కోసం వదలడానికి అతని క్లబ్బు టూలూజ్ ఒప్పుకోవడం కూడా ఇక్కడ క్లబ్బుకూ సమాఖ్యకూ మాటలు నడుస్తాయనడానికి గుర్తు. ఆ ఏడాది సిక్స్ నేషన్స్ వదులుకుని అతను పారిస్‌లో స్వర్ణం గెలిచాడు.

ఫ్రాన్స్ పద్ధతి తప్పేది జులైలో. 2025లో టాప్ 14 ఫైనల్ జూన్ 28న. టూలూజ్, బోర్డో అదనపు సమయం దాకా పోరాడాయి, టూలూజ్ 39-33తో గెలిచింది. న్యూజిలాండ్‌లో మొదటి టెస్టు జులై 5న డునెడిన్‌లో. వారం రోజుల్లో భూగోళం అటువైపుకు చేరి ఆడటం కుదరని పని. ఎక్కువ మ్యాచ్‌లు ఆడిన పెద్ద ఆటగాళ్లను ఇంటి దగ్గరే ఉంచి కొత్తవాళ్లతో వెళ్లారు. మొదటి టెస్టు 31-27తో నాలుగు పాయింట్లలో పోయింది, సిరీస్ 3-0తో పోయింది. ఆటగాళ్ల ఆరోగ్యం దృష్ట్యా ఆ నిర్ణయం సరైనదే. తప్పు ఫైనల్‌కూ టెస్టుకూ మధ్య వారమే ఉంచిన క్యాలెండర్‌ది.

విండో బయట ఏం జరుగుతుందో వేల్స్‌ను చూస్తే అర్థమవుతుంది. కార్డిఫ్ స్టేడియం నింపుకోవడానికి వేల్స్ యూనియన్ నవంబర్‌లో అదనంగా ఇంకో టెస్టు పెట్టుకునేది. విండో బయట కాబట్టి ఇంగ్లండ్ క్లబ్బులు ఆటగాళ్లను పంపనక్కర్లేదు. 2013 నవంబర్ 30న ఆస్ట్రేలియాతో మ్యాచ్‌కు వేల్స్ ఆటగాడు జార్జ్ నార్త్‌ను ఇంగ్లండ్ క్లబ్బు నార్తాంప్టన్ వదిలింది. అతని కాంట్రాక్టులో ఆ మాట ఉంది. క్లబ్బుల ఉమ్మడి నియమం తప్పినందుకు నార్తాంప్టన్‌కు 60,000 పౌండ్ల జరిమానా పడింది. 2021 అక్టోబర్ 30న న్యూజిలాండ్‌తో మ్యాచ్‌కు డాన్ బిగర్, లూయీ రీస్-జమిట్ లాంటివాళ్లు ఇంగ్లండ్ క్లబ్బుల్లో ఉండటంతో అందలేదు. వేల్స్ 54-16తో ఓడింది. టికెట్ ధర మాత్రం పూర్తి జట్టుకు తగ్గట్టే ఉంది. దేశం బయట ఆడేవాడు వేల్స్‌కు ఎంపిక కావాలంటే 60 టెస్టులు ఆడి ఉండాలన్న నిబంధనను 2023లో 25కి తగ్గించారు. ఆటగాడికి స్వేచ్ఛ పెరిగింది, విడుదల చిక్కు అలాగే ఉంది.

దక్షిణార్ధగోళం గురించి ఒక్క మాట. న్యూజిలాండ్‌లో కాంట్రాక్టు యూనియన్‌దే, బయట ఆడితే ఎంపిక లేదు. పెద్ద ఆటగాళ్లను ఒక సీజన్ జపాన్‌కు పంపి డబ్బూ విరామమూ దొరికేలా చేస్తారు. దక్షిణాఫ్రికా ఎక్కడ ఆడేవాణ్నైనా ఎంచుకుంటుంది. కానీ యూఆర్‌సీ ఉత్తరార్ధగోళ సీజన్, దేశాల టోర్నీ రగ్బీ ఛాంపియన్‌షిప్ దక్షిణార్ధగోళ సీజన్. రెండూ ఆడేవాడికి ఏడాదిలో ఊపిరి పీల్చుకునే నెల ఉండదు. అందరికన్నా నలిగేది ఫిజీ, సమోవా, టాంగా ఆటగాళ్లు. నిబంధన కాపాడుతుందని తెలిసినా, వరల్డ్ కప్‌కు వెళ్తే వచ్చే ఏడాది కాంట్రాక్టు ఏమవుతుందోనన్న భయం కాగితం మీద కనబడదు. 2022లో ఫిజియన్ డ్రువా జట్టు దక్షిణార్ధగోళ లీగు సూపర్ రగ్బీలో చేరాక ఫిజీకి సొంతగడ్డ మీద ఒక ఆసరా దొరికింది.

మన వైపు లింకు ఒకటుంది. ముంబయిలో 2025 జూన్‌లో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్ సెవెన్స్ ఆట. ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. ప్రపంచ సెవెన్స్ సిరీస్ మే మొదట్లో ముగిశాక పెట్టడం వల్లే విదేశీ జాతీయ ఆటగాళ్లు ఇక్కడికి రాగలిగారు. రెండు వారాల లీగు కాబట్టి కుదిరింది. పది నెలల లీగుకు ఆ ఉపాయం పనికిరాదు.

2026 నుంచి చిక్కు కొత్త రూపం తీసుకుంటుంది. జులైలో మూడు రౌండ్లు, నవంబర్‌లో మూడు రౌండ్లు, ఆపై లండన్‌లో ముగింపు వారాంతంతో 12 జట్ల నేషన్స్ ఛాంపియన్‌షిప్ వస్తోంది. నవంబర్‌లో నాలుగో వారం ఇప్పుడు అధికారికమైంది, విండో బయటి తగవు తగ్గాలి. బదులుగా సిక్స్ నేషన్స్‌లో ఖాళీ వారాలు రెండు నుంచి ఒకటికి తగ్గాయి. గాయం మానడానికి ఉన్న ఆ వారం పోవడం నాకు నచ్చలేదు. ఇంతకుముందు జులై పర్యటనను కొత్తవాళ్లతో నెట్టుకొచ్చినవాళ్లకు ఇకపై ఆ మ్యాచ్‌లకూ పాయింట్లుంటాయి. అప్పుడు 30 మ్యాచ్‌ల పరిమితిని ఎవరు, ఎంత నిజాయితీగా పాటిస్తారో చూడాలి.

మార్కులు: ఐర్లాండ్‌కు 5కి 4, ఇంగ్లండ్‌కు 3, ఫ్రాన్స్‌కు 3. ఇంగ్లండ్‌కు ఇంకో అర మార్కు రావాలంటే స్థానాన్ని బట్టి పరిమితి, శిబిరం నుంచి క్లబ్బుకు అదే రోజు సమాచారం, వైద్య నిర్ణయం బెడిసికొడితే క్లబ్బుకు జీతాల పరిమితిలో సడలింపు, ఈ మూడూ ఒప్పందంలో రాయాలి.

లండన్, లెస్టర్, డబ్లిన్‌లలో ఉంటున్న మనవాళ్లు టికెట్ కొనేటప్పుడు చూసుకోవాల్సినవి ఇవి. పెద్ద ఆటగాళ్లను చూడాలంటే ఛాంపియన్స్ కప్ నాకౌట్లు, ఏప్రిల్-మే లీగ్ మ్యాచ్‌లు మేలు. సిక్స్ నేషన్స్ ముగిసిన వెంటనే వచ్చే మొదటి వారాంతం వదిలేయండి, సగం మంది బెంచి మీదో ఇంట్లోనో ఉంటారు. పిల్లలను తీసుకెళ్లి తక్కువ ఖర్చుతో దగ్గర నుంచి ఆట చూపించాలంటే ఫిబ్రవరిలో ప్రీమియర్‌షిప్ కప్ మ్యాచ్ మంచిది. ఆర్‌డీఎస్ మైదానంలోనో అవీవాలోనో లీన్‌స్టర్ మ్యాచ్ కొనేముందు, ఆ తర్వాతి వారం వాళ్లకు యూరప్ మ్యాచ్ ఉందేమో క్యాలెండర్‌లో చూడండి. ఉంటే, ముందు వారం ఆడేది ఎక్కువగా కుర్రాళ్లే.